ఒక్కసారి నిర్ణయించండి.. రోజూ మీ ఇల్లే పాటిస్తుంది

స్నానం అయ్యాక గీజర్ ఆఫ్ చేయాలని మీకు తెలుసు. ఖాళీ గదిలో ఫ్యాన్ తిరగకూడదని తెలుసు. ట్యాంకు నిండగానే మోటారు కట్టేయాలని తెలుసు. ఏసీని 18లో పెట్టుకుని దుప్పటి కప్పుకోవడం దండగని కూడా తెలుసు.

అన్నీ తెలిసిన పనులే. మరి రోజూ ఎందుకు జరగడం లేదు?

ఎందుకంటే వాటన్నింటినీ మీరే గుర్తుపెట్టుకోవాలి. పొద్దున్నే లంచ్ బాక్సులు, స్కూల్ బస్సు, ఆఫీసు క్యాబ్, మధ్యలో మోగే ఫోన్లు. ఆ హడావిడిలో గీజర్ స్విచ్ ఎవరికి గుర్తుంటుంది? సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. ‘ఎవరు వదిలేశారు?’ అంటూ ఒక చిన్న గొడవ. మర్నాడు మళ్లీ అదే కథ.

ఈ కథను మీరు మార్చగలరు. ఈ నెలలోనే మార్చగలరు. దానికి లక్షలు పెట్టి స్మార్ట్ విల్లా కట్టక్కర్లేదు. గోడలు పగలగొట్టక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నా చేయొచ్చు. కావాల్సిందల్లా ఒక కొత్త ఆలోచన: మంచి నిర్ణయం ఒక్కసారి తీసుకోండి, దాన్ని రోజూ పాటించే పని యంత్రానికి అప్పగించండి.

హోమ్ ఆటోమేషన్ అంటే ఇంతే.

విల్‌పవర్ మీద భారం తగ్గించండి

న్యూయార్క్ యూనివర్సిటీలో పనిచేసిన సైకాలజిస్ట్ పీటర్ గోల్విట్జర్ 1999లో ఒక ప్రసిద్ధ పరిశోధనా వ్యాసం రాశారు. అందులో ఆయన చెప్పింది చాలా సింపుల్. ‘నేను మారాలి’ అని గట్టిగా అనుకుంటే సరిపోదు. ‘ఈ పరిస్థితి వస్తే ఈ పని చేస్తాను’ అని ముందే నిర్ణయించుకున్నవాళ్లు అనుకున్నది చేసి చూపించే అవకాశం ఎక్కువ. లక్ష్యం ఒక్కటే చాలదు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి.

ఇప్పుడు ఏదైనా స్మార్ట్ హోమ్ యాప్ తెరిచి చూడండి. అదే సూత్రం కనిపిస్తుంది. ఇఫ్.. దెన్. ఇలా అయితే అలా చెయ్. సాయంత్రం 6.30 అయితే వాకిట్లో లైటు వెయ్. గదిలో పది నిమిషాలు ఎవరూ కదలకపోతే ఫ్యాన్ ఆపు. గీజర్ ఆన్ అయి అరగంట దాటితే కట్టెయ్.

మనిషి మనసులో పెట్టుకోవాల్సిన నియమం స్విచ్చులోకి వచ్చి కూర్చుంది. మీకు మూడ్ బాగున్నా బాగోకపోయినా, జ్వరం వచ్చినా, ఊరెళ్లినా ఆ నియమం పని చేస్తూనే ఉంటుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. కరెంటు తీగల మీదుగానే సంకేతాలు పంపి ఇంట్లో లైట్లు వెలిగించే, ఆర్పే ఎక్స్10 అనే పద్ధతిని స్కాట్లాండ్‌లోని పికో ఎలక్ట్రానిక్స్ 1975లోనే తయారు చేసింది. అప్పట్లో అది కొద్దిమంది సరదా. ఇవాళ స్మార్ట్ ప్లగ్గు మన వీధి చివర ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతోంది. వేర్వేరు కంపెనీల పరికరాలు ఒకదాని మాట ఒకటి వినేందుకు 2022లో మ్యాటర్ అనే ఉమ్మడి ప్రమాణం కూడా వచ్చింది. ‘మనకెందుకులే’ అనుకునే రోజులు పోయాయి.

కొనేముందు కొలవండి

చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ముందు గ్యాడ్జెట్ కొంటారు, తర్వాత దానికి పని వెతుకుతారు. మీరు అలా చేయకండి. మీ ఇంట్లో కరెంటు ఎక్కడికి పోతోందో ముందు తెలుసుకోండి.

ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం ఒక గంట నడవడం. ఈ ఒక్క లెక్క వస్తే చాలు, మీ బిల్లు మీకు అర్థమైపోతుంది. ఒక యూనిట్ ఎంతసేపట్లో ఖర్చవుతుందో చూడండి:

- 2000 వాట్ల గీజర్‌కు: అరగంట
- 1500 వాట్లు తీసుకుంటూ పూర్తి లోడ్ మీద నడిచే ఏసీకి: 40 నిమిషాలు
- 75 వాట్ల మామూలు సీలింగ్ ఫ్యాన్‌కు: దాదాపు 13 గంటలు
- 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుకు: దాదాపు 17 గంటలు
- 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు: 111 గంటలు

ఏం అర్థమైంది? ఎల్‌ఈడీ బల్బు ఆర్పడం గురించి ఇల్లంతా అరిచి, ఏసీని 18లో వదిలేస్తే లాభం లేదు. వేడి పుట్టించేవి, చల్లదనం ఇచ్చేవి, నీళ్లు తోడేవి. మీ దృష్టి ముందు ఈ మూడింటి మీద ఉండాలి.

ఇప్పుడు మీకో హోంవర్క్. ఏడు రోజుల పాటు రోజూ ఒకే టైముకు మీటర్ రీడింగ్ రాసుకోండి. పొద్దున్న కాఫీ తాగే టైమ్ అయితే మర్చిపోరు. నిన్నటి రీడింగ్‌ను ఇవాళ్టి రీడింగ్‌లోంచి తీసేస్తే ఆ రోజు ఖర్చు తెలుస్తుంది. ఒక రోజు ఎక్కువ వచ్చిందా? ఆ రోజు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. బట్టలు ఉతికారా? చుట్టాలొచ్చారా? ఏసీ మధ్యాహ్నం కూడా వేశారా?

ఇంకో విషయం. మన బిల్లు స్లాబుల్లో పెరుగుతుంది. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల రేటూ పెరుగుతుంది. అంటే మీరు తగ్గించే యూనిట్లు మీ బిల్లులో అన్నింటికన్నా ఖరీదైన యూనిట్లు. తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న కుటుంబాలకు నెలకు 200 యూనిట్లలోపు వాడితే జీరో బిల్లు వస్తుంది. అలాంటి ఇంట్లో ఆ 200 గీత దగ్గర మిగిలే నాలుగు యూనిట్లు ఎంత విలువైనవో ఆలోచించండి.

పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టండి

మీ ఇంట్లో ఆటోమేషన్ ఇప్పటికే ఉంది. మీరు వాడటం లేదంతే.

ఏసీ రిమోట్ తీసుకోండి. దాని మీద టైమర్ బటన్ ఉంది. స్లీప్ మోడ్ ఉంది. వాషింగ్ మెషీన్‌లో డిలే స్టార్ట్ ఉండొచ్చు. టీవీలో స్లీప్ టైమర్ ఉంది. ఈ సాయంత్రమే కూర్చుని ఒక్కో పరికరం మెనూ చూడండి.

ఏసీ విషయంలో మూడు పనులు చేయండి.

1. 24లో పెట్టండి. ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 20 నుంచి 24కు మారితే దాదాపు పావు వంతు ఆదా.
2. ఫ్యాన్ కూడా వేయండి. నెమ్మదిగా తిరిగినా చాలు. గాలి ఒంటికి తగిలితే 26లో కూడా హాయిగా ఉంటుంది.
3. ఆఫ్ టైమర్ పెట్టండి. తెల్లవారుజామున నాలుగింటికి గది ఎలాగూ చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి ఫ్యాన్ చాలు. మీరు నిద్రలేచి ఆపక్కర్లేదు.

2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ లేబుల్ ఉన్న రూమ్ ఏసీలు 24 డిగ్రీల డిఫాల్ట్‌తో రావాలనే నిబంధన ఉంది. ఎందుకు పెట్టారు? మనిషి సాధారణంగా ముందే ఉన్న సెట్టింగ్‌ను కదిలించడు కాబట్టి. డిఫాల్ట్‌కు అంత బలం ఉంది. ఆ బలాన్ని మీ ఇంట్లో మీ కోసం వాడుకోండి.

మొదటి పరికరం: నీళ్ల ట్యాంకుకు పెట్టండి

‘ముందు ఏం కొనమంటారు?’ అని అడిగితే నా జవాబు సూటిగా ఉంటుంది. సొంతిల్లు, సంపు, పైన ట్యాంకు ఉంటే వాటర్ లెవెల్ కంట్రోలర్ కొనండి. మాట్లాడే స్పీకర్, రంగులు మార్చే బల్బు తర్వాత చూసుకోవచ్చు.

ఇది చాలా సింపుల్ పరికరం. ట్యాంకులో నీటి మట్టం తగ్గితే మోటారు ఆన్ చేస్తుంది. నిండితే ఆఫ్ చేస్తుంది. సంపులో నీళ్లు లేకపోతే మోటారును నడవనివ్వని రకం తీసుకోండి. నీళ్లు లేకుండా నడిచి మోటారు కాలిపోయే బాధ తప్పుతుంది.

లెక్క చూద్దామా? ఒక హెచ్‌పీ అంటే 746 వాట్లు. ట్యాంకు నిండాక ఇంకో 20 నిమిషాలు మోటారు నడిస్తే రోజుకు పావు యూనిట్, నెలకు ఏడెనిమిది యూనిట్లు వృథా. అంతకన్నా పెద్ద నష్టం నీళ్లు. వేసవిలో ట్యాంకర్ కోసం ఫోన్లు చేసే మన నగరాల్లో, మేడ మీద నుంచి మంచినీళ్లు వీధిలోకి కారడం ఎంత అన్యాయం!

దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు. యాప్ అక్కర్లేదు. అమ్మమ్మకు నేర్పక్కర్లేదు. పెట్టి మర్చిపోవచ్చు. మంచి ఆటోమేషన్‌కు గుర్తు అదే.

అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నారా? ఇదే విషయం అసోసియేషన్ మీటింగ్‌లో లేవనెత్తండి. ఒక్క కంట్రోలర్‌తో బ్లాకు మొత్తానికీ లాభం.

రెండోది: గీజర్‌కు గడువు పెట్టండి

15 లీటర్ల గీజర్‌లో నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు వేడి చేయడానికి 2000 వాట్ల కాయిల్‌కు దాదాపు 20 నిమిషాలు చాలు. ఆ తర్వాత థర్మోస్టాట్ కాయిల్‌ను ఆపుతుంది. కానీ నీళ్లు మెల్లగా చల్లారతాయి. చల్లారగానే మళ్లీ వేడి చేస్తుంది. మళ్లీ చల్లారతాయి. మీరు ఆఫీసులో ఉంటారు, ఇంట్లో ఈ తతంగం సాయంత్రం దాకా నడుస్తుంది.

పరిష్కారం: 16 యాంపియర్ల స్మార్ట్ ప్లగ్గు, లేదా అంతే లోడ్ తట్టుకునే మామూలు టైమర్. 6 యాంపియర్లదో, 10 యాంపియర్లదో చవగ్గా వస్తోందని గీజర్‌కు పెట్టకండి. వేడెక్కి కాలిపోవచ్చు.

నియమం ఇలా రాయండి: పొద్దున 5.45కు ఆన్, 6.15కు ఆఫ్. మధ్యలో ఎవరైనా చేత్తో ఆన్ చేస్తే, 30 నిమిషాల తర్వాత దానంతటదే ఆఫ్. ఈ రెండో నియమమే అసలైన కాపలాదారు. చుట్టాలొచ్చి గీజర్ వేసి వదిలేసినా మీరు టెన్షన్ పడక్కర్లేదు.

మూడోది: లైట్లు, ఫ్యాన్లు, నిద్రపోని పరికరాలు

లైట్ల విషయంలో మన దేశం ఇప్పటికే ఒక గొప్ప మార్పు చూసింది. 2015లో మొదలైన ఉజాలా పథకం కింద 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. మీ ఇంట్లో ఇంకా పాత బల్బు మిగిలి ఉంటే ఇవాళే తీసేయండి. బెడ్‌రూమ్‌లో, దేవుడి గదిలో వెలిగే జీరో బల్బును కూడా చూడండి. పేరు జీరో కానీ పాత రకం అయితే 12 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది. అంతకంటే తక్కువ కరెంటుతో 9 వాట్ల ఎల్‌ఈడీ గదంతా వెలుగు నింపుతుంది.

తర్వాత సెన్సార్లు. ఎక్కడ ఏది పెట్టాలో గుర్తుంచుకోండి:

- గేటు లైటు, వరండా లైటు: చీకటి పడితే వెలిగి, తెల్లవారితే ఆరిపోయే లైట్ సెన్సార్. పట్టపగలు వాకిట్లో లైటు వెలగడం ఇక చూడరు.
- మెట్లు, కారిడార్, పార్కింగ్: కదలికను పసిగట్టే పీఐఆర్ సెన్సార్. మనిషి ఒంటి వేడి కదిలితే అది గుర్తిస్తుంది.
- చదువుకునే గది, బాత్రూమ్: ఇక్కడ జాగ్రత్త. పీఐఆర్ సెన్సార్‌కు కదలకుండా కూర్చున్న మనిషి కనిపించడు. ఉన్నట్టుండి లైటు ఆరిపోతుంది. ఇలాంటి చోట ఆఫ్ అయ్యే సమయం పెంచండి, లేదా చిన్న కదలికలను కూడా పట్టుకునే రాడార్ రకం సెన్సార్ వాడండి.

ఫ్యాన్ల సంగతి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే, బ్రష్‌లెస్ మోటారుతో తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గరే అదే గాలి ఇస్తుంది. రోజుకు 15 గంటలు తిరిగే హాల్ ఫ్యాన్ మారిస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లకు రిమోట్, టైమర్ కూడా ఉంటాయి. కొత్త ఫ్యాన్ కొనే రోజు వచ్చినప్పుడు ఇంకో ఆలోచన పెట్టుకోకండి.

ఇక నిద్రపోని పరికరాలు. రిమోట్‌తో ఆపిన సెట్‌టాప్ బాక్స్ నిజంగా ఆగదు. స్టాండ్‌బైలో అది 10 వాట్లు లాగుతుంటే నెలకు ఏడు యూనిట్లు. టీవీ, సెట్‌టాప్ బాక్స్, సౌండ్ బార్ మూడింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు కలిపి, దాన్ని ఒక స్మార్ట్ ప్లగ్గుకు పెట్టండి. రాత్రి 11కు ఆఫ్, సాయంత్రం 5కు ఆన్. పని అయిపోయింది.

ఆటోస్టార్టర్ నేర్పిన పాఠం

ఇప్పుడు చాలా ముఖ్యమైన మాట.

మన పల్లెల్లో ఆటోమేషన్ ఎప్పుడో వచ్చింది. వ్యవసాయానికి కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో రైతులు పంపుసెట్లకు ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతటదే ఆన్ అవుతుంది. చీకట్లో పొలానికి వెళ్లే ప్రమాదం తప్పింది. ఆ పరిస్థితికి అది తెలివైన నియమం.

2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. పరిస్థితి మారిపోయింది. కరెంటు రోజంతా ఉంటే ఆటోస్టార్టర్ ఉన్న మోటార్లు అవసరం లేకున్నా నడుస్తూనే ఉంటాయి. నీళ్లు తోడుతూనే ఉంటాయి. భూగర్భ జలాలు అడుగంటుతాయి. అందుకే ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది.

ఇందులో మీకు పాఠం ఉంది. యంత్రం మీరు చెప్పింది చేస్తుంది. పరిస్థితి మారినా అదే చేస్తుంది. నియమం రాసేది మీరు, సరిచూడాల్సిందీ మీరే. చలికాలంలో పెట్టిన గీజర్ టైమ్ ఏప్రిల్‌లోనూ అలాగే నడుస్తుంటే అది ఆదా అనిపించుకోదు.

ఇంకో ఉచ్చు ఉంది. సౌకర్యం పెరిగితే వాడకం పెరుగుతుంది. ఫోన్‌లో ఒక్క టచ్‌తో ఏసీ ఆన్ అవుతుంది కదా అని, ఇంటికి చేరడానికి గంట ముందే వేసేస్తే బిల్లు తగ్గదు, పెరుగుతుంది. ప్రతి స్మార్ట్ పరికరం తాను కూడా కొంత కరెంటు తీసుకుంటుంది. అవసరం లేని చోట పెడితే అదీ వృథానే. అందుకే ఏదైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ‘ఇది నా ఇంట్లో ఏ వృథాను ఆపుతుంది?’ సూటిగా జవాబు రాకపోతే కొనకండి.

ఇంట్లో అందరినీ కలుపుకోండి

ఇల్లు మీ ఒక్కరిదే కాదు. మీ ఫోన్‌లో యాప్ ఉంటే సరిపోదు. నాన్నగారు చేయి చాపితే గోడ మీద స్విచ్ పని చేయాలి.

అందుకే స్మార్ట్ బల్బు కన్నా స్మార్ట్ స్విచ్ మాడ్యూల్ మేలు. స్మార్ట్ బల్బు పెట్టిన గదిలో ఎవరో గోడ స్విచ్ కట్టేస్తారు. బల్బుకు కరెంటే ఉండదు, ఇక యాప్ ఏం చేస్తుంది? మాడ్యూల్ అయితే స్విచ్‌బోర్డు లోపలే కూర్చుంటుంది. గోడ స్విచ్ పని చేస్తుంది, టైమర్ కూడా పని చేస్తుంది. చాలా మాడ్యూళ్లకు న్యూట్రల్ వైరు కావాలి. త్రీపిన్ సాకెట్ ఉన్న బోర్డులో సాధారణంగా అది ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి చూపించండి.

పెద్దవాళ్లకు దీనివల్ల కలిగే మేలు డబ్బులో కొలవలేం. రాత్రి రెండింటికి బాత్రూమ్‌కు లేస్తే మంచం పక్క నుంచి దారి పొడవునా చిన్న లైటు దానంతటదే వెలగాలి. చీకట్లో తడుముకుని కాలు జారి పడితే తుంటి ఎముక విరగొచ్చు. ఒక్క మోషన్ సెన్సార్ లైటు ఆ ప్రమాదాన్ని తగ్గించగలదు. అమ్మానాన్నలకు మీరు ఇచ్చే మంచి బహుమతి ఇది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఇక్కడ అమ్మానాన్నల ఇంటికి ఇవన్నీ అమరుస్తున్నారా? మంచి పని. కానీ వాళ్లను అడిగి పెట్టండి. కెమెరా ఎక్కడ ఉండాలో, ఉండాలో వద్దో వాళ్లే చెప్పాలి. గేటు దగ్గర సరే, పడకగదిలో వద్దే వద్దు. వాళ్లు వాడలేని యాప్ మీద వాళ్ల రోజువారీ పనులు ఆధారపడకుండా చూడండి.

పిల్లలను పక్కన కూర్చోబెట్టుకోండి. వారానికి ఒకరు మీటర్ రీడింగ్ చదవాలి. ‘ఇలా అయితే అలా’ అనే నియమాలు వాళ్లతోనే రాయించండి. లెక్కలు, లాజిక్, బాధ్యత మూడూ ఒకే ఆటలో వచ్చేస్తాయి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి

- కొన్నింటిని ఆటోమేట్ చేయకండి. ఇస్త్రీ పెట్టె, బకెట్‌లో పెట్టే వాటర్ హీటర్ రాడ్, రూమ్ హీటర్. ఇవి నడిచేటప్పుడు మనిషి దగ్గర ఉండాలి.
- మోటారును మామూలు స్మార్ట్ ప్లగ్గుకు పెట్టకండి. స్టార్ట్ అయ్యే క్షణంలో అది చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. దానికి తగిన కంట్రోలర్, స్టార్టర్ వాడండి.
- కరెంటు పోయి వస్తే ఏమవుతుందో సెట్ చేయండి. చాలా పరికరాల యాప్‌లలో ఆ ఆప్షన్ ఉంటుంది. గీజర్‌కు ‘ఆఫ్’ పెట్టండి. లేకపోతే అర్ధరాత్రి కరెంటు రాగానే అదే ఆన్ అయి కూర్చుంటుంది.
- ఇంటర్నెట్ లేకపోయినా టైమర్ పని చేసే పరికరాలే ఎంచుకోండి. వైఫై పోతే ఇల్లు ఆగిపోకూడదు.
- పాస్‌వర్డ్ మార్చండి. రౌటర్‌తో, కెమెరాతో వచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంచడం తాళంచెవి తలుపుకే వదిలేయడం లాంటిది. రెండంచెల లాగిన్ ఆన్ చేయండి. వీలైతే స్మార్ట్ పరికరాలకు గెస్ట్ నెట్‌వర్క్ వేరుగా పెట్టండి.
- వైరింగ్ పాతదైతే ముందు అది సరిచేయించండి. ఎర్తింగ్ లేని ఇంట్లో స్మార్ట్ పరికరం కన్నా ముందు ఎర్తింగ్ కావాలి.

సోలార్ ఉంటే ఇంకో మెట్టు ఎక్కండి

2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఇంటి పైకప్పు మీద ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపైన అయితే 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మన ప్రాంతపు ఎండకు ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి.

ప్యానెళ్లు పెట్టించుకున్నాక మీ టైమర్లను కూడా మార్చండి. వాషింగ్ మెషీన్, నీళ్ల మోటారు, ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్. వీటిని ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3 మధ్యలోకి జరపండి. ఎండ ఉన్నప్పుడే పని పూర్తవుతుంది. మీరు ఆఫీసులో ఉన్నా టైమర్ ఇంట్లోనే ఉంటుంది కదా!

నాలుగు వారాల ప్లాన్

చదివి పక్కన పెట్టేయకండి. క్యాలెండర్ తీయండి.

మొదటి వారం: చూడండి. రోజూ మీటర్ రీడింగ్ రాయండి. ఇంట్లో ఉన్న ప్రతి పరికరం వాట్లు నోట్ చేయండి. ఏమీ కొనకండి.

రెండో వారం: సెట్ చేయండి. ఏసీ 24, ఆఫ్ టైమర్. ఫ్రిజ్ టెంపరేచర్ సీజన్‌కు తగ్గట్టు. టీవీ స్లీప్ టైమర్. ఫోన్‌లో ‘మోటారు ఆపాలి’ అనే అలారం. ఖర్చు సున్నా.

మూడో వారం: ఒక్కటి కొనండి. ఒక్కటే. మీ రీడింగుల్లో ఎక్కువ వృథా ఎక్కడ కనిపించిందో అక్కడికి. ట్యాంకు అయితే కంట్రోలర్, గీజర్ అయితే టైమర్. సొంతిల్లు కాకపోతే ప్లగ్గు రకమే తీసుకోండి, ఇల్లు మారితే వెంట తీసుకెళ్లొచ్చు.

నాలుగో వారం: పోల్చండి. మళ్లీ ఏడు రోజులు రీడింగ్ తీయండి. మొదటి వారంతో పక్కపక్కన పెట్టి చూడండి. తగ్గిన యూనిట్లు ఇంట్లో అందరికీ చెప్పండి. పిల్లలను మెచ్చుకోండి. తగ్గకపోతే నిరాశ పడకండి, నియమం ఒకటి మార్చి మళ్లీ చూడండి.

ఆ తర్వాత నెలకొక ఆదివారం పది నిమిషాలు కేటాయించండి. ఏ నియమం ఇంకా పనికొస్తోంది? ఏది పాతబడింది? ఏది తీసేయాలి? ఈ పది నిమిషాల అలవాటు లేకపోతే ఎంత ఖరీదైన సిస్టమ్ అయినా ఆరు నెలల్లో అటకెక్కుతుంది. ఈ అలవాటు ఉంటే చవకైన టైమర్ కూడా ఏళ్ల తరబడి మీ డబ్బు కాపాడుతుంది.

ఒక చిన్న వృథాను ఆపగలిగినవాళ్లకు తమ మీద తమకు నమ్మకం పెరుగుతుంది. ‘నేను నిర్ణయించాను, జరిగింది’ అన్న భావన చాలా విలువైనది. ఇవాళ గీజర్‌తో మొదలైన క్రమశిక్షణ రేపు మీ నిద్ర వేళలకు, మీ పొదుపుకు, మీ పని పద్ధతికి పాకుతుంది. రోజూ మీ బుర్రను తినేసే చిల్లర పనులు తగ్గితే, ఆ శ్రద్ధను పిల్లల మీద, ఆరోగ్యం మీద, మీ కలల మీద పెట్టొచ్చు.

కాబట్టి ఆలస్యం వద్దు. లేవండి. మీటర్ దగ్గరకు వెళ్లి ఇవాళ్టి రీడింగ్ రాసుకోండి. మీ మొదటి అడుగు అదే, అది ఈ రోజే పడాలి.